రిజిస్ట్రీ ఆబ్జెక్ట్‌లో పద్దుల నిర్వహణ: నిర్మల్ హస్తకళల నమోదు ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: భౌగోళిక సూచికలుగా నమోదైన నిర్మల్ హస్తకళలను ఉదాహరణగా తీసుకొని, సాఫ్ట్‌వేర్ రిజిస్ట్రీలోని ఒక ఆబ్జెక్ట్‌లో నిర్మిత సమాచారాన్ని ఎలా చేర్చాలి, ఎలా మార్చాలి, ఎప్పుడు తీసివేయవచ్చు అన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. 2014లో రాష్ట్రమూ 2016లో జిల్లా మారిన నిర్మల్ వంటి ఊరి విషయంలో పాత విలువపై కొత్త విలువ రాసివేస్తే నమోదు తన సాక్ష్యబలాన్ని కోల్పోతుందనీ, దోషసవరణకూ స్థితిమార్పుకూ వేర్వేరు పద్ధతులు అవసరమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రిజిస్ట్రీ ఆబ్జెక్ట్, స్లాట్, పద్దు, భౌగోళిక సూచిక, నిర్మల్ బొమ్మలు, నకాషీ కళాకారులు, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం

వస్తువుల భౌగోళిక సూచికల (నమోదు, పరిరక్షణ) చట్టం 1999లో వచ్చింది. 2003 సెప్టెంబరు 15 నుండి అమలులో ఉంది. ఈ చట్టంలోని 6వ సెక్షన్ భౌగోళిక సూచికల రిజిస్టరును ఏర్పరుస్తూ, దానిని పూర్తిగా గాని పాక్షికంగా గాని కంప్యూటర్ ఫ్లాపీలలో, డిస్కెట్లలో లేదా మరే ఎలక్ట్రానిక్ రూపంలోనైనా ఉంచవచ్చునని చెబుతుంది. ఫ్లాపీలు ఇప్పుడు ప్రదర్శనశాలలో చూడవలసిన వస్తువులయ్యాయి. కాని ఆ వెంటనే వచ్చే నియమం పాతబడలేదు. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న పద్దునే రిజిస్టరులోని పద్దుగా గ్రహించాలన్నది ఆ నియమం. కనుక కంప్యూటరులోని రికార్డును ఎక్కడో ఉన్న అసలు పుస్తకానికి నకలుగా భావించడానికి వీలులేదు. చట్టం దృష్టిలో అదే అసలు.

చెన్నైలోని భౌగోళిక సూచికల రిజిస్ట్రీలో నిర్మల్ పేరు మూడుచోట్ల కనిపిస్తుంది. నిర్మల్ బొమ్మలు - హస్తకళ, నిర్మల్ ఫర్నిచర్, నిర్మల్ చిత్రలేఖనాలు అనేవి మూడు వేర్వేరు నమోదులు. ఊరిలో ఈ మూడింటినీ చేసే చేతులు చాలావరకు నకాషీ కుటుంబాలవే. వాడుకలో అందరూ 'నిర్మల్ కళ' అనే అంటారు. రిజిస్ట్రీ మాత్రం ఆ ఒక్క మాటను మూడు ఆబ్జెక్టులుగా చూస్తుంది. పైగా ఈ నమోదులు జరిగిన నాటికి నిర్మల్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉన్నది. నేడు తెలంగాణ రాష్ట్రంలో, నిర్మల్ జిల్లాలో ఉన్నది. ఊరు అంగుళమైనా కదలలేదు. పద్దులో ఊరి చిరునామా మాత్రం రెండుసార్లు మారవలసి వచ్చింది.

జానపద కళలపైన, వృత్తిపదాలపైన, చేతిరాత ప్రతులపైన పనిచేసే తెలుగు పరిశోధకులు నేడు తమ సమాచారాన్ని ఎక్కువగా కంప్యూటరు పట్టికలలోనే దాచుకుంటున్నారు. అవి పరిమాణంలో చిన్నవైనా స్వభావంలో రిజిస్ట్రీలే. వాటిలో పద్దును మార్చే పద్ధతిపై చర్చ తక్కువగా జరిగింది. ఆ పద్ధతిని నిర్మల్ పద్దుల ఆధారంగా పరిశీలించడం ఇక్కడి ఉద్దేశం. చెన్నై రిజిస్ట్రీ ఏ సాఫ్ట్‌వేర్‌పై నడుస్తుందన్నది ప్రస్తుతానికి ప్రసక్తం కాదు. అక్కడి పద్దులను ఒక ప్రామాణిక నమూనాలో అమర్చితే ఏయే ప్రశ్నలు ఎదురవుతాయన్నదే ప్రసక్తం.

2. రిజిస్ట్రీ ఆబ్జెక్ట్ స్వరూపం

ఐక్యరాజ్యసమితికి చెందిన యూఎన్‌సెఫాక్ట్, ఒయాసిస్ సంస్థలు కలిసి 1999లో ఈబీఎక్స్‌ఎంఎల్ అనే ప్రమాణాల రూపకల్పనను ప్రారంభించాయి. వాణిజ్య పత్రాలను సంస్థల మధ్య మార్చుకోవడం వాటి తొలి లక్ష్యం. అందులో భాగంగా వచ్చిన రిజిస్ట్రీ సమాచార నమూనా వాణిజ్యాన్ని దాటి వ్యాపించింది. వైద్య పత్రాలను ఆసుపత్రుల మధ్య పంచుకునే ఐహెచ్‌ఈ సంస్థ విధానం కూడా ఈ నమూనాపైనే ఆధారపడింది. జావా భాషలో ఇటువంటి రిజిస్ట్రీలతో వ్యవహరించడానికి జేఏఎక్స్ఆర్ అనే సాధనం 2002లో వచ్చింది.

ఈ నమూనాలో నమోదైన ప్రతి అంశమూ ఒక 'రిజిస్ట్రీ ఆబ్జెక్ట్'. దానికి కొన్ని స్థిర లక్షణాలు ఉంటాయి: గుర్తింపు సంఖ్య, పేరు, వివరణ, రకం, స్థితి. ఏ ఆబ్జెక్టుకైనా ఇవి ఉండి తీరాలని నమూనా కర్తలు ముందుగానే ఊహించగలిగారు. అయితే బొమ్మ ఏ చెక్కతో చేస్తారు, ఏ జిగురు వాడతారు అన్న వివరాలను ముందుగా ఊహించడం ఎవరికీ సాధ్యం కాదు. అటువంటి వాటికోసం ఏర్పరచినదే 'స్లాట్'. కిరాణా దుకాణంలో సామాను పెట్టుకునే అరల వరుసను ఊహించుకుంటే దీని తీరు తెలుస్తుంది. అర ఒక్కొక్కదానికి ఒక పేరు, ఒక రకం, లోపల ఒకటో అంతకన్న ఎక్కువో విలువలు ఉంటాయి. అవసరమైనప్పుడు కొత్త అర చేర్చవచ్చు, అక్కరలేనిదాన్ని తీసివేయవచ్చు. జేఏఎక్స్ఆర్‌లో ఈ పనులు యాడ్‌స్లాట్, రిమూవ్‌స్లాట్ అనే ఆదేశాలతో, చూడడం గెట్‌స్లాట్ అనే ఆదేశంతో జరుగుతాయి. ఒకే ఆబ్జెక్టులో ఒకే పేరుతో రెండు స్లాట్లు ఉండకూడదన్నది నియమం. వేరొక ఆబ్జెక్టులో అదే పేరు ఉండవచ్చు.

ఈ స్వేచ్ఛ ఎంత సౌకర్యమో అంత ప్రమాదం. స్లాట్‌లోని విలువ కేవలం అక్షరాల వరుస. అది తేదీయా, సంఖ్యయా, ఊరి పేరా అన్నది రిజిస్ట్రీకి తెలియదు. నిర్మల్ జిల్లా ఏర్పడిన తేదీని ఒకరు '11-10-2016' అని, మరొకరు అమెరికా పద్ధతిలో '10-11-2016' అని రాస్తే రెండూ సమానంగా చెల్లుతాయి, రెండవది నవంబరుగా చదవబడుతుంది. సంవత్సరం, నెల, రోజు అనే అంతర్జాతీయ వరుసలో '2016-10-11' అని రాయడం వల్ల ఈ చిక్కు తప్పుతుంది. అకారాది వరుసలో పెట్టినా కాలక్రమం చెడదన్నది దానికి అదనపు లాభం.

మరొక పరిమితి వరుసకు సంబంధించినది. స్లాట్‌లోని విలువలను జావా 'కలెక్షన్'గా అందిస్తుంది. కలెక్షన్ తనంతట తాను వరుసకు హామీ ఇవ్వదు. నిర్మల్ బొమ్మకు వాడే పదార్థాలు - చెక్క, చింతగింజల జిగురు, రంగులు - ఒక స్లాట్‌లో ఏ వరుసలో ఉన్నా నష్టం లేదు. తయారీ దశలను అలా ఉంచితే మాత్రం ఎండబెట్టడం చెక్కడం తరువాత, రంగు వేయడం జిగురు పూయడానికి ముందు వచ్చే అవకాశం ఉంది. వృత్తివిధానాన్ని నమోదు చేసే పరిశోధకులు దశలకు సంఖ్యలు ఇవ్వడమో, ఒక్కొక్క దశను వేరు ఆబ్జెక్టుగా చేయడమో తప్పదు.

3. స్లాట్‌కు తగినది, తగనిది

ఖాళీ అర కనిపిస్తే ఏదో ఒకటి అందులో పెట్టాలనిపించడం సహజం. రిజిస్ట్రీల నిర్వహణలో అత్యధిక దోషాలకు మూలం ఈ సహజబుద్ధే. 'ముడిచెక్క' అన్న స్లాట్‌ను తీసుకుందాం. నిర్మల్ బొమ్మలకు వాడేది తేలికైన తెల్ల పొణికి చెక్క. కృష్ణాతీరంలోని కొండపల్లి బొమ్మలకూ అదే చెక్క. రెండు ఆబ్జెక్టులలోనూ 'పొణికి' అని రాస్తే సరిపోతుందనిపిస్తుంది. కాని వాడుకలో 'పొణికి', 'పొనికి', 'పునికి' అనే రూపాలన్నీ ఉన్నాయి. ఇంగ్లీషు లిపిలోకి వెళితే రూపాలు మరింత పెరుగుతాయి. పొణికి చెక్క కొరతను గురించి నిర్మల్ కళాకారులు చాలాకాలంగా మొరపెట్టుకుంటున్నారు. ఆ చెట్లను పెంచే ప్రణాళిక కోసం ఒక అధికారి 'ఈ చెక్కపై ఆధారపడిన నమోదిత కళలు ఏవి?' అని రిజిస్ట్రీని అడిగితే, అతడు టైపు చేసిన వర్ణక్రమంతో సరిపోలిన పద్దు మాత్రమే బయటపడుతుంది. సరిపోలని కళ ఆ ప్రణాళికలో ఉండదు. అక్షరదోషం అడవి దాకా ప్రయాణించే తీరు ఇది.

శాస్త్రీయనామం వాడితే సమస్య తీరుతుందన్న వాదన ఉన్నది. పొణికిని చాలా గ్రంథాలు 'గివోటియా రాట్లెరిఫార్మిస్' అని పేర్కొన్నాయి. వృక్షశాస్త్రజ్ఞులు ఇప్పుడు ఆ పేరును 'గివోటియా మొలుక్కానా'కు పర్యాయంగా భావిస్తున్నారు. శాస్త్రీయనామమూ మారుతుందన్నమాట. అందుచేత చెక్క పేరును అక్షరాలుగా స్లాట్‌లో రాయడం కంటె, పొణికి చెట్టును ఒక ప్రత్యేక ఆబ్జెక్టుగా నమోదు చేసి, బొమ్మల ఆబ్జెక్టులను దానితో సంబంధింపజేయడం మేలు. అప్పుడు మాండలిక రూపాలూ శాస్త్రీయనామాలూ అన్నీ ఆ చెట్టు ఆబ్జెక్టులో ఉంటాయి. పేరు మారినప్పుడు ఒక్కచోట మారిస్తే చాలు. ఈ నమూనాలో ఇటువంటి బంధానికి 'అసోసియేషన్' అని పేరు. దాన్ని కూడా ఒక ఆబ్జెక్టుగానే పరిగణించడం ఈ నమూనాలోని మెచ్చదగిన అంశం. బంధానికి సైతం తనదైన స్థితి, స్లాట్లు, చరిత్ర ఉండగలవు.

ఒకే విలువ అనేక ఆబ్జెక్టులలో కనబడుతూ, దానికి స్వతంత్రమైన జీవితం ఉంటే అది స్లాట్‌కు తగినది కాదన్నది దీనినుండి వచ్చే సూత్రం. ఇది మనుషుల విషయంలో మరింత గట్టిగా వర్తిస్తుంది. 'కళాకారులు' అనే స్లాట్ తెరిచి అందులో పేర్లు వరుసగా పెట్టడం పరిశోధన పట్టికలలో తరచుగా కనిపించే పద్ధతి. 1999 నాటి చట్టం ఈ పొరపాటు చేయలేదు. 7వ సెక్షన్ రిజిస్టరును రెండు భాగాలుగా విభజించింది. 'ఎ' భాగంలో భౌగోళిక సూచికల వివరాలు, 'బి' భాగంలో వాటిని వాడుకొనే అధికారం పొందిన వినియోగదారుల వివరాలు ఉంటాయి. కళ ఒక పద్దు, కళాకారుడు మరొక పద్దు, రెండింటి నడుమ బంధం. చట్టం రాసినవారు సాఫ్ట్‌వేర్ నమూనాలను చదివి ఉండకపోవచ్చు. వారి విభజన మాత్రం ఏ నమూనాకారుడికైనా పాఠంగా చెప్పదగినది.

ఈ రెండు భాగాల నడుమ కాలబంధం కూడా ఉంది. 18వ సెక్షన్ ప్రకారం భౌగోళిక సూచిక నమోదు పదేళ్ళు చెల్లుతుంది, తరువాత పునరుద్ధరించుకోవచ్చు. అధీకృత వినియోగదారుడి నమోదు పదేళ్ళు, లేదా ఆ సూచిక నమోదు గడువు తీరేవరకు - రెండింటిలో ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. ఉదాహరణకు సూచిక గడువు మరి మూడేళ్ళే ఉన్నప్పుడు ఒక కళాకారుడు 'బి' భాగంలో చేరితే, అతని గడువు కూడా మూడేళ్ళే. ఈ గడువును కళాకారుడి ఆబ్జెక్టులో స్లాట్‌గా రాసిపెడితే సూచిక పునరుద్ధరణ జరిగిననాడు అది తప్పు లెక్కగా మిగిలే ప్రమాదం ఉంది. లెక్క కట్టి తెలుసుకోగలిగిన విలువను నిలవ చేయకూడదన్న పాత సూత్రం ఇక్కడ ఒక కుటుంబపు జీవనోపాధికి సంబంధించిన విషయమవుతుంది. తన గడువు ఎప్పుడు తీరుతుందో తప్పుగా తెలిసిన కళాకారుడు నకిలీ వస్తువుపై ఫిర్యాదు చేయబోయి, తన హక్కే ముగిసిందన్న జవాబు వినవలసి వస్తుంది.

వారసత్వం మరొక సంక్లిష్టమైన అంశం. నమోదిత భౌగోళిక సూచికపై హక్కును అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి, బదిలీ చేయడానికి చట్టం అనుమతించదు. అయితే అధీకృత వినియోగదారుడు మరణిస్తే అతని హక్కు వారసుడికి సంక్రమిస్తుంది. తండ్రి పద్దులోని పేరును చెరిపి కుమారుడి పేరు రాయడం గుమాస్తాకు సులభమైన పని. అలా చేస్తే తండ్రి జీవించి ఉండగా అమ్మిన బొమ్మలన్నీ కుమారుడు చేసినట్లవుతుంది. తండ్రి పద్దు స్థితిని మార్చి, కుమారుడికి కొత్త పద్దు తెరిచి, 'వారసుడు' అనే అసోసియేషన్‌తో రెండింటినీ కలపడమే సరైన మార్గం. కళాకుటుంబాల వంశచరిత్రను రాసే పరిశోధకులకు ఇదే ఆధారమవుతుంది.

4. దోషసవరణ, స్థితిమార్పు

స్లాట్‌ను మార్చడం అనే ఒకే మాట కింద స్వభావరీత్యా వేర్వేరైన పనులు దాగి ఉన్నాయి. 'ఆదిలాబాద్' అని రాయబోయి 'ఆదిలబాద్' అని రాస్తే అది దోషం. ఆ విలువ ఏ రోజునా నిజం కాదు. 'ఆదిలాబాద్' అని ఉన్నదాన్ని 2016లో 'నిర్మల్' అని మార్చడం దోషసవరణ కాదు. పాత విలువ ఆ నాటికి నిజమే, ఇప్పటికీ ఆ నాటి విషయంలో నిజమే. చట్టం సైతం పేరు, చిరునామా, వివరణలలోని పొరపాటును సరిదిద్దడాన్నీ, వాటిలో వచ్చిన మార్పును నమోదు చేయడాన్నీ రెండు వేర్వేరు పనులుగానే పేర్కొంది. చాలా సాఫ్ట్‌వేర్లలో మాత్రం రెండింటికీ ఒకే 'సేవ్' బొత్తాము ఉంటుంది. అక్కడే చరిత్ర మాయమవుతుంది.

నిర్మల్ చరిత్రను కాలరేఖపై పెడితే విషయం స్పష్టమవుతుంది. నిర్మల్ బొమ్మల కళాకారుల పారిశ్రామిక సహకార సంఘం 1955లో ఏర్పడింది. అప్పుడు ఆదిలాబాద్ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరణతో రాష్ట్రం మారింది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడడంతో మళ్ళీ మారింది. 2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాద్ జిల్లా ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా విడిపోయింది. ఒకే సంఘానికి ఇన్ని చిరునామాలు, అన్నీ తమతమ కాలాలకు సరైనవే. 2011 జనాభా లెక్కలలో నిర్మల్‌ను వెతకవలసింది ఆదిలాబాద్ జిల్లాలోనే. 'జిల్లా: నిర్మల్' అనే ఒక్క విలువను మిగిల్చిన పట్టికతో ఆ లెక్కలను జోడిస్తే ఒక్క వరుస కూడా కలవదు. అంతకన్న హానికరం, కలవకపోవడాన్ని 'సమాచారం లేదు' అని అర్థం చేసుకోవడం.

కనుక జిల్లా విలువతో పాటు ఆ విలువ ఎప్పటినుండి ఎప్పటివరకు చెల్లుతుందో కూడా నమోదు చేయాలి. దీన్ని చెల్లుబాటు కాలం అనవచ్చు. ఇది ఒక్కటే సరిపోదు. 2016లో జరిగిన మార్పును ఒక కార్యాలయంలో 2019లో నమోదు చేశారనుకుందాం. 2018లో అక్కడినుండి వెలువడిన పత్రంలో 'ఆదిలాబాద్ జిల్లా' అని ఉంటుంది. ఆ పత్రం అబద్ధమా? వాస్తవస్థితిని బట్టి అది తప్పు, ఆనాటి రిజిస్ట్రీని బట్టి ఒప్పు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే విలువ రిజిస్ట్రీలో ఏనాడు చేరిందన్న రెండవ కాలం కూడా తెలియాలి. దానిని నమోదు కాలం అనవచ్చు. ఈ రెండు కాలాల భేదాన్ని డేటాబేస్ పరిశోధనలో స్థిరపరచిన వారిలో రిచర్డ్ స్నాడ్‌గ్రాస్ ముఖ్యుడు. 2011 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణం ఈ రెండింటికీ చోటు కల్పించింది. శాసన పరిష్కర్తలకు ఈ భేదం కొత్త కాదు. శాసనంలోని ఘటన తేదీ వేరు, శాసనం చెక్కిన తేదీ వేరు.

సాధారణ స్లాట్‌లో ఈ రెండు కాలాలకు చోటు లేదు. విలువ పక్కనే కామా పెట్టి తేదీలు ఇరికించడం కొందరు చేసే పని. అది అరలో అర పెట్టడం వంటిది, వెతికేవారికి చేయి ఆనదు. ఊరు, జిల్లా అనే రెండు ఆబ్జెక్టులను అసోసియేషన్‌తో కలిపి, ఆ అసోసియేషన్‌కే 'మొదలు', 'చివర' అనే స్లాట్లు పెట్టడం మేలైన పద్ధతి. నిర్మల్ ఊరి ఆబ్జెక్టుకు ఆదిలాబాద్ జిల్లాతో ఉన్న బంధం 2016 అక్టోబరు 10తో ముగుస్తుంది, నిర్మల్ జిల్లాతో బంధం మరునాడు మొదలవుతుంది. ఏ బంధమూ చెరిగిపోదు. నమోదు కాలం సంగతి రిజిస్ట్రీయే చూసుకోగలదు. ఈబీఎక్స్‌ఎంఎల్ నమూనాలో ప్రతి ఆబ్జెక్టుపై జరిగిన సృష్టి, మార్పు, తొలగింపు వంటి చర్యలను చేసినవారి వివరంతో, సమయంతో దాచే తనిఖీ ఘటనలు ఉన్నాయి.

ఇద్దరు ఒకేసారి మార్చినప్పుడు వచ్చే చిక్కు కూడా ప్రస్తావించదగినది. ఒక సహాయకుడు బొమ్మల ఆబ్జెక్టును తెరిచి రంగుల స్లాట్‌ను సరిచేస్తున్నాడు. అదే సమయంలో మరొకరు జిల్లా బంధాన్ని మారుస్తున్నారు. ఆబ్జెక్టును మొత్తంగా తిరిగి భద్రపరిచే అమరికలో రెండవవారి సేవ్ మొదటివారి శ్రమను చప్పుడు లేకుండా తుడిచివేస్తుంది. ఆబ్జెక్టుకు కూర్పు సంఖ్య ఇచ్చి, తెరిచినప్పటి సంఖ్యకూ భద్రపరిచేటప్పటి సంఖ్యకూ తేడా ఉంటే నిరాకరించడం దీనికి విరుగుడు. విశ్వవిద్యాలయ ప్రాజెక్టులలో ఒకే ఎక్సెల్ దస్త్రాన్ని పదిమంది పంచుకున్నవారికి ఇంతకన్న వివరణ అక్కరలేదు.

5. గుర్తింపు సంఖ్యలో అర్థం ఉండవచ్చునా?

రోడ్డుపై వెళ్ళే వాహనాన్ని చూస్తే ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లా వాహనాలకు 'ఏపీ 01' శ్రేణి ఉండేది. తెలంగాణ వచ్చాక 'టీఎస్ 01', కొత్త జిల్లా వచ్చాక నిర్మల్‌కు 'టీఎస్ 18', 2024 మార్చి నుండి కొత్త వాహనాలకు 'టీజీ 18'. నిర్మల్ బజారులో ఈ పలకలన్నీ పక్కపక్కనే నిలిచి ఉండడం వింతేమీ కాదు. రాష్ట్రాన్నీ జిల్లానూ సంఖ్యలోనే పొదిగినందున, పరిపాలన మారినప్పుడల్లా గుర్తింపు పద్ధతి మారింది. అంతర్జాతీయ ప్రమాణ సంస్థ రాష్ట్ర సంకేతాల విషయంలో జరిగినది మరింత విచిత్రం. ఆ జాబితాలో తెలంగాణకు మొదట 'టీజీ' ఉండేది. 2023 నవంబరులో దానిని 'టీఎస్'గా మార్చారు. కొద్ది నెలలకే రాష్ట్ర ప్రభుత్వం తన వాడుకను 'టీఎస్' నుండి 'టీజీ'కి మార్చుకుంది.

అందుచేత రిజిస్ట్రీ ఆబ్జెక్టు గుర్తింపు సంఖ్య అర్థరహితంగా ఉండడమే దాని గుణం. అర్థమున్న సంకేతాలన్నీ - రాష్ట్రం, జిల్లా, వస్తువర్గం - స్లాట్లుగానో వర్గీకరణలుగానో ఉండాలి. వస్తువర్గాల్లో కూడా మార్పు వస్తుంది. నైస్ వర్గీకరణలో బొమ్మలు 28వ వర్గం, ఫర్నిచర్ 20వ వర్గం, చిత్రాలు 16వ వర్గం. ఆ వర్గీకరణ కాలానుగుణంగా సవరింపబడుతుంది. సవరించిన వర్గీకరణకు అనుగుణంగా పద్దులను సర్దే ఏర్పాటు భౌగోళిక సూచికల చట్టంలోనే ఉంది. 'ఎన్ఐఆర్-బొమ్మ-28-07' వంటి సంఖ్యలను తమ పట్టికలలో కల్పించుకునే పరిశోధకులు ఈ చట్టపు ముందుచూపును గమనించవలసి ఉంది.

6. తెలుగు పేర్ల ప్రత్యేక సమస్య

పేరును ఒకే అక్షరాల వరుసగా గాక, భాషాసంకేతంతో కూడిన అనేక రూపాలుగా దాచే వీలు ఈ నమూనాలో ఉంది. నిర్మల్ పేరు తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు రూపాలలో ఒకే ఆబ్జెక్టులో ఉండవచ్చు. ఆదిలాబాద్ ప్రాంతం వంటి బహుభాషా ప్రదేశానికి ఇది అత్యవసరం. అయితే తెలుగు రూపంలో ఒక సూక్ష్మమైన చిక్కున్నది. 'నిర్మల్' అనే పదం పొల్లుతో ముగుస్తుంది. దానికి 'లో' చేర్చి టైపు చేస్తే అక్షరాలు కలిసి 'నిర్మల్లో' అని వస్తుంది. కలవకుండా 'నిర్మల్‌లో' అని చూపాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీసే అక్షరం ఉంచాలి. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. అలా టైపు చేసిన వాక్యంలోనుండి పేరును మాత్రం కత్తిరించి స్లాట్‌లో అతికిస్తే, ఆ అదృశ్యాక్షరం కూడా వెంట వస్తుంది. తెరపై రెండు 'నిర్మల్' పదాలూ ఒకేలా కనిపిస్తాయి, యంత్రానికి మాత్రం అవి వేరు పదాలు. అప్పుడు ఒకే ఊరికి రెండు పద్దులు పుడతాయి.

ఐత్వపు గుర్తుతోనూ ఇటువంటిదే జరుగుతుంది. యూనికోడ్‌లో దానిని ఒకే సంకేతంగానూ, ఎత్వం మరియు ఐత్వపు పొడిగింపు అనే రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. భైంసా పేరు ఈ రెండు రీతులలోనూ చేరవచ్చు. పద్దులోకి పేరు చేరేముందు దానిని యూనికోడ్ ప్రామాణిక సంయుక్త రూపంలోకి మార్చడం, చివరన మిగిలిన అదృశ్యాక్షరాలను తొలగించడం రిజిస్ట్రీ స్వయంగా చేయవలసిన పనులు. ఈ బాధ్యతను టైపు చేసేవారి జాగ్రత్తకు వదిలివేయడం న్యాయం కాదు, కనిపించని అక్షరాన్ని ఎవరు మాత్రం చూడగలరు? అయితే ఈ శుద్ధి గుర్తింపుకోసం వాడే రూపానికి మాత్రమే పరిమితం కావాలి. కళాకారుడు చెప్పిన ఉచ్చారణను, పాత పత్రంలోని వర్ణక్రమాన్ని 'మూలరూపం' అనే స్లాట్‌లో యథాతథంగా ఉంచాలి. 'పునికి'ని 'పొణికి'గా సవరించి మూలాన్ని పారవేస్తే మాండలిక పరిశోధనకు పనికివచ్చే ఆధారం నశిస్తుంది.

7. తొలగింపు

రిజిస్ట్రీలో తొలగింపు అంటే సాధారణంగా స్థితి మార్పే. భౌగోళిక అంశాల నమోదుకు ఉద్దేశించిన ఐఎస్ఓ 19135 ప్రమాణం పద్దును చెల్లనిది, చెల్లుతున్నది, వేరొకదానిచే భర్తీ అయినది, విరమించినది అనే స్థితులలో ఉంచుతుంది. ఒకసారి ఇచ్చిన సంఖ్యను మరొక అంశానికి తిరిగి ఇవ్వదు. భర్తీ అయినదానికి, విరమించినదానికి భేదం నిర్మల్ విషయంలో తేలికగా తెలుస్తుంది. పొణికి పాత శాస్త్రీయనామం కొత్త నామంచే భర్తీ అయినది. వారసులు లేక ముగిసిన కళాకారుడి పద్దు విరమించినది. రెండూ వెతికినప్పుడు దొరకాలి, కొత్త పనికి మాత్రం వాడుకలోకి రాకూడదు.

నిజంగా తుడిచివేయవలసిన సందర్భాలు వ్యక్తిగత సమాచారంలో వస్తాయి. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం, 2023 తన సమాచారాన్ని సరిదిద్దమని, తుడిచివేయమని కోరే హక్కును వ్యక్తికి ఇచ్చింది. మరొక చట్టం ప్రకారం నిలవ చేయవలసిన సమాచారానికి మినహాయింపు ఉంది. 'బి' భాగంలోని పేరు, చిరునామా చట్టం కోరినవి కనుక ఆ మినహాయింపు పరిధిలోకి వస్తాయి. క్షేత్రపర్యటనలో పరిశోధకుడు సేకరించిన ఫోను సంఖ్య, ఆదాయం, కుటుంబ కలహాల కథనం ఆ కోవకు చెందవు. చరిత్రను చెరపకూడదన్న సూత్రంతో నిర్మించిన పట్టికలో ఇవి చేరితే, ప్రతి కూర్పులోనూ నిలిచి, కళాకారుడు కోరినా తొలగించలేని స్థితి వస్తుంది. పై విభాగాలలో చెప్పిన కాలాంకిత పద్ధతి ఎంత పక్కాగా అమలైతే ఈ ఇబ్బంది అంత పెరుగుతుంది. అందుకని వ్యక్తిగత వివరాలను కళాకారుడి ఆబ్జెక్టులో స్లాట్లుగా గాక, చరిత్ర దాచని వేరొక దస్త్రంలో ఉంచి, ఆబ్జెక్టులో ఆ దస్త్రపు సంఖ్యను మాత్రమే నిలపాలి. కోరిననాడు దస్త్రం పోతుంది. సంఖ్య మిగిలినా దాని వెనుక ఏమీ ఉండదు. ఈ ఏర్పాటును మొదటి పద్దు రాయకముందే నిర్ణయించుకోవాలి. వందలాది పద్దులు పేరుకున్న తరువాత పాత కూర్పులన్నిటినీ ఒక్కొక్కటిగా తెరిచి ఫోను సంఖ్యలను ఏరివేయడం దాదాపు అసాధ్యం.